అక్షరాలు ఎందుకు మసకబారతాయి? అద్దం వెలుగును ఎలా వంచుతుంది?



రాత్రి బడిలో కొందరు పుస్తకం ఎలా పట్టుకుంటారో చూడండి. ముందు దగ్గర పెట్టుకుంటారు. అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. చెయ్యి కాస్త చాపుతారు. ఇంకాస్త చాపుతారు. చెయ్యి పొడవు అయిపోతుంది గాని, అక్షరం మాత్రం కుదురుగా నిలవదు. లైటు దగ్గరికి జరుగుతారు. చివరికి పుస్తకం మూసి పక్కన పెడతారు.

"నాకు చదువు అబ్బలేదులే అమ్మా. నేర్చుకున్నదంతా మరిచిపోయినాను" అంటారు.

అది నిజం కాదు. వాళ్ళు మరిచిపోలేదు. వాళ్ళ తెలివి తగ్గలేదు. కళ్ళు ఆనడం లేదు, అంతే. అక్షరం మీద నుంచి వచ్చే వెలుగు కంట్లో వంగవలసినంత వంగడం లేదు. ఒక చిన్న అద్దం పెడితే ఆ వెలుగు సరిగా వంగుతుంది. అక్షరం మళ్ళీ నిలబడుతుంది.

వెలుగు వంగడం ఏమిటి? అద్దం దాన్ని వంచడం ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందులో చెప్పినవన్నీ మన ఇంట్లో చేసి చూడవచ్చు. గిన్నె, నీళ్ళు, రూపాయి బిళ్ళ, ఒక కళ్ళజోడు ఉంటే చాలు.

వెలుగు కంటికి చేరితేనే చూపు

చీకటి గదిలో కళ్ళు తెరిచినా ఏమీ కనపడదు. దీపం పెడితే అన్నీ కనపడతాయి. ఎందుకు? దీపం వెలుగు వస్తువుల మీద పడుతుంది. అక్కడి నుంచి తిరిగి మన కంటికి వస్తుంది. అప్పుడే మనకు ఆ వస్తువు కనపడుతుంది. అంటే కన్ను వస్తువు దగ్గరికి పోదు. వస్తువు మీది వెలుగే కంటి దగ్గరికి వస్తుంది.

వెలుగు గాలిలో తిన్నగా పోతుంది. పూరింటి కప్పు సందులోంచి ఎండ పడేటప్పుడు చూడండి. దుమ్ములో ఆ వెలుగు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. దాని వేగం చాలా ఎక్కువ. ఒక్క సెకనులో సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది.

కాని నీళ్ళలో అంత వేగంగా పోలేదు. సెకనుకు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు పోతుంది. మామూలు గాజులో ఇంకా నెమ్మది. సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. ఈ నెమ్మదించడంలోనే అసలు సంగతి ఉంది.

బండి చక్రం చెప్పే పాఠం

ఎద్దుల బండి గట్టి రోడ్డు మీద పోతోంది అనుకోండి. పక్కన ఇసుక ఉంది. బండి ఎదురుగా, తిన్నగా ఇసుకలోకి దిగితే ఏమవుతుంది? రెండు చక్రాలు ఒకేసారి ఇసుకలో పడతాయి. రెండూ ఒకేసారి నెమ్మదిస్తాయి. బండి నెమ్మదిగా పోతుంది గాని దారి మారదు.

బండి ఏటవాలుగా దిగితే ఏమవుతుంది? ఎడమ చక్రం ముందు ఇసుకలో పడింది అనుకోండి. అది నెమ్మదిస్తుంది. కుడి చక్రం ఇంకా గట్టి రోడ్డు మీదే ఉంది. అది పాత వేగంతోనే తిరుగుతుంది. అప్పుడు బండి ఎడమ వైపుకు తిరిగిపోతుంది.

వెలుగు కూడా ఇంతే. గాలిలోంచి నీళ్ళలోకి గాని, గాజులోకి గాని తిన్నగా దిగితే వంగదు. ఏటవాలుగా దిగితే వంగుతుంది. నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కూడా వంగుతుంది. ఇసుకలోంచి రోడ్డెక్కే బండి మళ్ళీ తిరిగినట్టే అది.

చేసి చూడండి 1

ఒక గిన్నె తీసుకోండి. లోపలికి వెలుగు రానిది, స్టీలుదో సత్తుదో కావాలి. అడుగున రూపాయి బిళ్ళ పెట్టండి. గిన్నెను చూస్తూ కొంచెం కొంచెం వెనక్కి జరగండి. ఒక చోట గిన్నె అంచు అడ్డం వచ్చి బిళ్ళ కనపడకుండా పోతుంది. అక్కడే ఆగండి. తల కదపకండి. పక్కనున్న వాళ్ళను నెమ్మదిగా నీళ్ళు పోయమనండి. బిళ్ళ కదలకుండా చూడమనండి.

నీళ్ళు నిండే కొద్దీ బిళ్ళ మళ్ళీ కనపడుతుంది! బిళ్ళ పైకి లేచిందా? లేదు. అది అడుగునే ఉంది. బిళ్ళ మీది వెలుగు నీళ్ళలోంచి గాలిలోకి వస్తూ వంగింది. అంచు మీదుగా మన కంటికి చేరింది.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. నీళ్ళ అడుగు ఎప్పుడూ పైకి లేచినట్టే కనపడుతుంది. పై నుంచి తిన్నగా చూస్తే, నాలుగు అడుగుల లోతు మూడు అడుగుల లోతులాగా కనపడుతుంది. చెరువులో, కాలువలో, పులికాట్ సరస్సు అంచున "ఇంతే గదా లోతు" అని పిల్లలు దిగుతారు. కంటికి కనపడే లోతును నమ్మవద్దని వాళ్ళకు చెప్పండి.

మందం ఉన్న వైపుకే వంగుతుంది

కిటికీకి గాజు పలక ఉంటుంది. దానిలోంచి చూస్తే బయటి చెట్టు చెట్టులాగే ఉంటుంది. పెద్దగా కనపడదు, చిన్నగా కనపడదు. ఎందుకు? ఆ పలక అంతటా ఒకే మందం. వెలుగు లోపలికి పోయేటప్పుడు ఒక వైపుకు వంగుతుంది. బయటికి వచ్చేటప్పుడు అంతే మేర తిరిగి వంగుతుంది. లెక్క సరిపోతుంది. వెలుగు తన పాత దిక్కుకే పోతుంది.

గాజు ఒక చోట మందంగా, ఒక చోట పలచగా ఉంటే? అప్పుడు లెక్క సరిపోదు. వెలుగు వంగే బయటికి వస్తుంది. ఎటు వంగుతుంది? దీనికి ఒక చిన్న సూత్రం ఉంది. గుర్తు పెట్టుకోండి.

గాలిలో పెట్టిన గాజు ఎటు మందంగా ఉంటుందో, వెలుగు అటే వంగుతుంది.

ఈ ఒక్క మాట తెలిస్తే అద్దాలన్నీ అర్థమవుతాయి. ఇలా వెలుగును వంచడానికి చేసిన అద్దాన్ని పుస్తకాల్లో కటకం అంటారు. డాక్టర్లు లెన్సు అంటారు. మనం అద్దం అంటాం. ముఖ్యంగా ఇవి రెండు రకాలు.

ఉబ్బెత్తు అద్దం

మొదటి రకం మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది. కంది పప్పు బద్దలు రెండు కలిపితే కంది గింజ అవుతుంది గదా. అలా రెండు వైపులా ఉబ్బి ఉంటుంది. దీని పేరు కుంభాకార కటకం. కుంభం అంటే కుండ. కుండలాగా బయటికి ఉబ్బినది అని అర్థం.

మన సూత్రం ప్రకారం చూద్దాం. మందం మధ్యలో ఉంది. కాబట్టి పై అంచు మీద పడిన వెలుగు కిందికి, మధ్య వైపుకు వంగుతుంది. కింది అంచు మీద పడిన వెలుగు పైకి, మధ్య వైపుకు వంగుతుంది. నడి మధ్యలో పడినది తిన్నగా పోతుంది. అన్నీ కలిసి ఒక చోట చేరతాయి. అంటే ఉబ్బెత్తు అద్దం వెలుగును పోగు చేస్తుంది. భూతద్దం ఇదే.

చేసి చూడండి 2

ఈ పుస్తకంలో ఒక అక్షరం మీద పలచని ప్లాస్టిక్ కాగితం పరవండి. దాని మీద ఒక్క నీటి చుక్క వెయ్యండి. చుక్క కింద అక్షరం పెద్దగా కనపడుతుంది. ఎందుకు? నీటి చుక్క పై భాగం ఉబ్బి ఉంది. అది కూడా ఒక చిన్న ఉబ్బెత్తు అద్దమే.

ఉబ్బెత్తు అద్దాన్ని ఎండలో పట్టుకుంటే, ఎండంతా పోగై ఒక చుక్కగా పడుతుంది. ఆ చుక్క కింద కాగితం ఉంటే కాలిపోతుంది. అందుకే రెండు జాగ్రత్తలు చెప్తున్నాను. భూతద్దంలోంచి ఎప్పుడూ సూర్యుడిని చూడకూడదు. చూస్తే కన్ను పోతుంది. పూరిల్లు, గడ్డివామి దగ్గర దానితో ఆటలు ఆడకూడదు.

ఈ పనినే తిరగేసి కూడా వాడుకుంటారు. ఎండ చుక్కగా పడే చోట ఒక దీపం పెడితే ఏమవుతుంది? దీపం వెలుగు అద్దంలోంచి చెదరకుండా తిన్నగా దూరం పోతుంది. లైట్‌హౌస్ ఇలాగే పని చేస్తుంది. మన నెల్లూరు తీరంలో ఆర్మగాన్, కృష్ణపట్నం లాంటి చోట్ల లైట్‌హౌసులు ఉన్నాయి. రాత్రి సముద్రంలో ఉన్న వాళ్ళకు ఆ వెలుగు గట్టు జాడ చెప్తుంది.

లైట్‌హౌసుకు చాలా పెద్ద అద్దం కావాలి. ఉబ్బెత్తుగా చేస్తే అది మోయలేనంత బరువు అవుతుంది. ఫ్రాన్సు దేశంలో ఫ్రెనెల్ అనే ఇంజనీరు 1820ల్లో దీనికి ఒక ఉపాయం చేశాడు. వెలుగును వంచేది అద్దం పై తలంలోని వాలు మాత్రమే. లోపలి గాజు ఊరికే బరువు. అందుకని లోపలి గాజు తీసేసి, ఉంగరాలు ఉంగరాలుగా వాలును మాత్రమే ఉంచాడు. అద్దం తేలికైంది. వెలుగు మాత్రం అలాగే వంగింది.

గుంట అద్దం

రెండో రకం దీనికి తిరుగుడు. మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. మూకుడులాగా లోపలికి గుంట పడి ఉంటుంది. దీని పేరు పుటాకార కటకం.

మళ్ళీ మన సూత్రం చూద్దాం. మందం అంచుల్లో ఉంది. కాబట్టి వెలుగు అంచుల వైపుకు వంగుతుంది. అంటే విడిపోతుంది. గుంట అద్దం వెలుగును విచ్చుకునేట్టు చేస్తుంది. దానితో కాగితం కాల్చలేం. దానిలోంచి చూస్తే అక్షరాలు చిన్నవిగా కనపడతాయి.

ఒకటి పోగు చేస్తుంది. ఒకటి విడదీస్తుంది. రెండూ మనకు అవసరమే. ఎవరికి ఏది కావాలో తెలియాలంటే మన కంట్లోకి చూడాలి.

మన కంట్లోనూ ఒక అద్దం ఉంది

దేవుడో ప్రకృతో ఏమనుకున్నా సరే, మనకు పుట్టుకతోనే రెండు ఉబ్బెత్తు అద్దాలు ఉన్నాయి. కంటికి ఒకటి.

కంటి ముందు భాగంలో నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. అది ఉబ్బి ఉంటుంది. వెలుగును ఎక్కువ భాగం వంచేది అదే. దాని వెనక కంటిపాప. వెలుగు లోపలికి పోయే రంధ్రం అది. కంటిపాప వెనక మెత్తని చిన్న అద్దం ఉంటుంది. అది మిగతా వంపు పూర్తి చేస్తుంది. కంటి వెనక గోడకు ఒక తెర ఉంటుంది. దాని పేరు రెటీనా. సినిమా హాల్లో తెర మీద బొమ్మ పడినట్టు, ఈ తెర మీద బొమ్మ పడుతుంది. అది తలకిందులుగా పడుతుంది. మెదడు దాన్ని సరిచేసి అర్థం చేసుకుంటుంది.

తలకిందులు అంటే నమ్మకం కుదరడం లేదా? పగటి పూట ఇంట్లో లైటు ఆర్పి, కిటికీకి ఎదురు గోడ దగ్గర నిలబడండి. చదువుకునే కళ్ళజోడు గాని, భూతద్దం గాని గోడకు దగ్గరగా పట్టుకుని ముందుకు వెనక్కి జరపండి. ఒక చోట గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడుతుంది. మన కంట్లో జరిగేది కూడా ఇదే.

బొమ్మ సరిగ్గా తెర మీద పడితే చూపు స్పష్టంగా ఉంటుంది. తెరకు ముందు పోగైనా మసకే. తెర దాటి పోగయ్యేట్టు ఉన్నా మసకే.

దూరంగా ఉన్న చెట్టు మీది వెలుగు కంటికి దాదాపు తిన్నగా వస్తుంది. దాన్ని తెర మీదికి తేవడానికి తక్కువ వంపు చాలు. చేతిలో పుస్తకం మీది వెలుగు అలా కాదు. అది విచ్చుకుంటూ వస్తుంది. దానికి ఎక్కువ వంపు కావాలి. అందుకని దగ్గరి వస్తువు చూసేటప్పుడు మన కంటి అద్దం మరింత ఉబ్బుతుంది. చిన్న వయసులో అది మెత్తగా ఉంటుంది. చటుక్కున ఉబ్బుతుంది, చటుక్కున సర్దుకుంటుంది. మనకు తెలియనే తెలియదు.

నలభై దాటితే వచ్చే చత్వారం

వయసు పెరిగే కొద్దీ కంటి అద్దం మెత్తదనం తగ్గుతుంది. నలభై దాటేసరికి అది దగ్గరి చూపుకు సరిపోయినంత ఉబ్బలేదు. దూరాన పొలంలో ఎవరున్నారో తెలుస్తుంది. చేతిలో సూది బెజ్జం మాత్రం కనపడదు. బియ్యంలో రాళ్ళు తెలియవు. పుస్తకంలో "మ" ఏదో "య" ఏదో తేడా పట్టదు. దీన్నే మన పెద్దలు చత్వారం అన్నారు. చాళీసు అని కూడా అంటారు. చత్వారింశత్ అంటే సంస్కృతంలో నలభై. చాలీస్ అంటే హిందీలో నలభై. పేరులోనే వయసు ఉంది.

ఇది రోగం కాదు. తల నెరిసినట్టే ఇది కూడా. ఆడ, మగ, చదివిన వాళ్ళు, చదవని వాళ్ళు, అందరికీ వస్తుంది. చదివిన వాళ్ళు వెంటనే పోయి కళ్ళజోడు తెచ్చుకుంటారు. చదవని వాళ్ళకు చాలా కాలం తెలియదు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న అక్కకు మాత్రం పెద్ద చిక్కు వస్తుంది. "అక్షరం అంటే ఇలాగే మసకగా ఉంటుందేమో" అనుకుంటుంది. తప్పు కంటిది. నింద బుర్ర మీద వేసుకుంటుంది.

దీనికి మందూ మాకూ అక్కరలేదు. ఉబ్బెత్తు అద్దం చాలు. కంటి అద్దం వంచలేక మిగిల్చిన వంపును కళ్ళజోడు అద్దం వంచుతుంది. వెలుగు మళ్ళీ తెర మీద పోగవుతుంది.

పిల్లలకు వచ్చే సైటు వేరు

కొందరు పిల్లలకు దగ్గర బాగా కనపడుతుంది. దూరం కనపడదు. బడిలో నల్లబల్ల మీది రాత కనపడదు. టీవీకి దగ్గరగా పోయి కూర్చుంటారు. కళ్ళు చిట్లించి చూస్తారు. వీళ్ళ కన్ను ఉండవలసిన దానికంటే కాస్త పొడుగ్గా ఉంటుంది. దూరం నుంచి వచ్చే వెలుగు తెరకు ముందే పోగైపోతుంది. దీన్ని హ్రస్వదృష్టి అంటారు.

వీళ్ళకు ఏ అద్దం కావాలి? ఇక్కడ వంపు ఎక్కువైంది. కాబట్టి కాస్త విడదీయాలి. గుంట అద్దం కావాలి.

ఒక పిల్ల రాత తప్పుతోందంటే మొద్దు అని కొట్టకండి. ముందు కళ్ళు చూపించండి.

ఇంకా కొందరికి కార్నియా ఉబ్బు అన్ని వైపులా సమంగా ఉండదు. అడ్డంగా ఒక తీరు, నిలువుగా ఒక తీరు ఉంటుంది. గీతలు ఒక దిక్కున స్పష్టంగా, ఒక దిక్కున మసకగా కనపడతాయి. అలాంటి వాళ్ళకు ఒక దిక్కున ఎక్కువ వంచే అద్దం ఇస్తారు. డాక్టరు చీటీలో దాన్ని సిలిండర్ అని రాస్తారు.

అద్దమే తెల్లబడితే శుక్లం

పెద్ద వయసులో కొందరికి కంటి లోపలి అద్దం తెల్లగా, మసకగా మారిపోతుంది. వెలుగు లోపలికి పోలేదు. పొగమంచులోంచి చూసినట్టు ఉంటుంది. ఇది శుక్లం. దీనికి పై నుంచి ఏ అద్దం పెట్టినా చాలదు. ఆపరేషన్ చెయ్యాలి.

పూర్వం ఆపరేషన్‌లో ఆ చెడిన అద్దాన్ని తీసేసేవాళ్ళు. లోపల ఏమీ పెట్టేవాళ్ళు కాదు. లోపలి అద్దం చేసే పనిని బయటి అద్దం చెయ్యాలి గదా. అందుకే ఆ కాలం అవ్వలకు సోడాబుడ్డి అడుగులాంటి మందపాటి కళ్ళజోళ్ళు ఉండేవి. 1949లో లండన్‌లో రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి కంటి లోపలే ప్లాస్టిక్ అద్దం అమర్చాడు. మన దేశంలో 1992లో మదురైలో అరోలాబ్ అనే సంస్థ ఈ అద్దాలను తక్కువ ఖరీదుకు చెయ్యడం మొదలుపెట్టింది. ఇప్పుడు శుక్లం తీసినప్పుడు మామూలుగా అక్కడే కొత్త అద్దం పెట్టేస్తారు. సోడాబుడ్డి కళ్ళజోడు అవసరం పోయింది.

కళ్ళజోడు నంబరు అంటే ఏమిటి?

డాక్టరు చీటీలో ప్లస్ అని ఉంటే ఉబ్బెత్తు అద్దం. మైనస్ అని ఉంటే గుంట అద్దం. పక్కన ఉండే అంకె అది ఎంత గట్టిగా వంచుతుందో చెప్తుంది.

ప్లస్ 1 అద్దాన్ని ఎండలో పట్టుకుంటే ఒక మీటరు దూరంలో వెలుగు పోగవుతుంది. ప్లస్ 2 అయితే అర మీటరులో, అంటే మూరెడు దాటి కాస్త దూరంలో పోగవుతుంది. ప్లస్ 4 అయితే పావు మీటరులో, అంటే జానెడుకు కొంచెం పైన పోగవుతుంది. అంకె పెరిగే కొద్దీ అద్దం ఎక్కువ వంచుతుంది. వెలుగు అంత దగ్గరలో పోగవుతుంది.

చత్వారానికి మామూలుగా ప్లస్ 1 దగ్గర మొదలవుతుంది. వయసుతో పాటు ప్లస్ 2, ప్లస్ 2.50 దాకా పెరుగుతుంది. అరవై దాటాక అంతగా పెరగదు.

ఇంట్లో ఉన్న కళ్ళజోడు ఏ రకమో మీరే చెప్పవచ్చు. దాన్ని చెయ్యి చాపి పట్టుకోండి. అద్దంలోంచి దూరంగా ఉన్న ఒక స్తంభాన్ని చూడండి. కళ్ళజోడును నెమ్మదిగా పక్కకు కదపండి. స్తంభం కూడా అదే వైపుకు కదిలితే గుంట అద్దం. ఎదురు వైపుకు కదిలితే ఉబ్బెత్తు అద్దం.

కొన్ని కళ్ళజోళ్ళలో పైన ఒక అద్దం, కింద ఒక అద్దం ఉంటాయి. పై భాగం దూరానికి, కింది భాగం చదవడానికి. ఇవి పెట్టుకుని మెట్లు దిగేటప్పుడు, పొలం గట్టు మీద నడిచేటప్పుడు జాగ్రత్త. కింది అద్దంలోంచి చూస్తే నేల మసకగా కనపడుతుంది. తల వంచి పై అద్దంలోంచి చూడాలి.

ఊళ్ళో అనుకునే మాటలు

"కళ్ళజోడు పెడితే కళ్ళు ఇంకా పాడవుతాయి" అంటారు. నిజం కాదు. చత్వారం వయసుతో పెరుగుతుంది. అద్దం పెట్టినా పెరుగుతుంది, పెట్టకపోయినా పెరుగుతుంది.

"పక్కింటామె కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోదా?" అంటారు. దానివల్ల పెద్దవాళ్ళ కన్ను చెడదు. కాని నంబరు వేరైతే తలనొప్పి వస్తుంది. మీ రెండు కళ్ళ నంబర్లు కూడా ఒకటిగా ఉండకపోవచ్చు. మీ కంటికి మీ అద్దమే మేలు.

"ఆకు పసరు పోస్తే చూపు వస్తుంది" అంటారు. వద్దమ్మా, వద్దు. పసరుగాని, చనుబాలుగాని, ఇంకేదైనా గాని కంట్లో పొయ్యకండి. కార్నియాకు చీము పడితే అది గాజులాగా ఉండదు. మచ్చ పడి చూపు పోవచ్చు.

"ఆడదానికి కళ్ళజోడు ఎందుకు? నలుగురూ నవ్వుతారు" అంటారు. ఈ మాటకు జవాబు అస్సాం తేయాకు తోటల నుంచి వచ్చింది. అక్కడ నలభై దాటిన కూలీలు 751 మందితో ఒక పరిశీలన చేశారు. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. సగం మందికి దగ్గరి చూపు కళ్ళజోడు ముందే ఇచ్చారు. మిగతా వాళ్ళకు పరిశీలన అయ్యాక ఇచ్చారు. కళ్ళజోడు పెట్టుకున్న వాళ్ళు, పెట్టుకోని వాళ్ళ కంటే సుమారు 22 శాతం ఎక్కువ పని పెంచుకున్నారు. ఈ లెక్క 2018లో అచ్చయింది. కూలి డబ్బు పెరిగితే నవ్వేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఎక్కడికి పోవాలి?

ముందు మీ ఊరి ఆశా కార్యకర్తను, లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. కంటి పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెప్తారు. మన దేశంలో అంధత్వ నివారణకు 1976 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ పల్లెల దగ్గర కూడా చిన్న చిన్న కంటి కేంద్రాలు పెట్టింది. 2018 ఆగస్టులో తెలంగాణలోను, 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోను "కంటి వెలుగు" పేరుతో ప్రభుత్వాలు కంటి పరీక్షలు చేయించాయి. అప్పుడు ఇచ్చిన కళ్ళజోడు పెట్టెలో ఉంటే బయటికి తియ్యండి. అది ఇప్పటికీ సరిపోతుందో లేదో ఇంకోసారి చూపించుకోండి.

కొన్ని గుర్తులు కనపడితే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. కన్ను ఎర్రబడి బాగా నొప్పి పుట్టినా, చూపు ఒక్కసారిగా తగ్గినా, కంట్లో మెరుపులు మెరిసినట్టు ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. షుగరు జబ్బు ఉన్న వాళ్ళు ఏడాదికి ఒకసారి కళ్ళు చూపించుకోవాలి.

చదువు నిలవాలంటే

1990ల మొదట్లో మన నెల్లూరు సీమలో ఊరూరా రాత్రి బడులు నడిచాయి. దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. బడిలో చదివిన పాఠమే వాళ్ళను కదిలించింది. ఆ తరవాత పొదుపు సంఘాలు వచ్చాయి. పాసుపుస్తకాలు వచ్చాయి. ఆనాడు ముప్పై ఏళ్ళున్న అక్కలకు ఈనాడు అరవై దాటాయి. అక్షరం రానప్పుడు వేలిముద్ర వేశారు. అక్షరం వచ్చాక సంతకం పెట్టారు. ఇప్పుడు కళ్ళు ఆనక, కాగితం మీద ఏముందో చూడకుండా మళ్ళీ వేలిముద్ర వెయ్యడం న్యాయమా?

పాసుపుస్తకంలో అంకె మనమే చూడాలి. మాత్రల అట్ట మీద తేదీ మనమే చూడాలి. పురుగుమందు డబ్బా మీద జాగ్రత్తలు మనమే చదవాలి. మనవరాలి చేతికిచ్చి "ఇందులో ఏముందో చెప్పవే" అనే పని పోవాలి.

చిట్టమూరులోగాని, ఇంకే ఊళ్ళోగాని మీ సంఘం కూడినప్పుడు ఈ పుస్తకం ఒక్కొక్కరి చేతికి ఇవ్వండి. మూరెడు దూరంలో పట్టుకుని ఒక వాక్యం చదవమనండి. ఎవరు చెయ్యి చాపుతున్నారో చూడండి. ఆ అక్కతో "నీకు చదువు రాదు" అనకండి. "పద, కళ్ళు చూపించుకొద్దాం" అనండి. వీలైతే నలుగురైదుగురు కలిసి ఒకే రోజు పొండి.

ఆలోచించండి, చెప్పండి

1. నీళ్ళలో పెట్టిన కర్ర విరిగినట్టు ఎందుకు కనపడుతుంది?
2. గాజు ఎటు మందంగా ఉంటే వెలుగు ఎటు వంగుతుంది?
3. చత్వారానికి ఏ అద్దం కావాలి? పిల్లలకు దూరం కనపడకపోతే ఏ అద్దం కావాలి?
4. ప్లస్ 1, ప్లస్ 2 అద్దాల్లో ఏది ఎక్కువ వంచుతుంది?
5. మీ సంఘంలో నలభై దాటిన వాళ్ళు ఎంతమంది? వాళ్ళలో కళ్ళజోడు ఉన్న వాళ్ళు ఎంతమంది? లెక్క రాయండి.